ఎడమచెయ్యి పద్ధతి

మా జాస్మిన్‌కి అవార్డు వచ్చిన రోజు స్టాఫ్‌రూమ్‌లో అందరూ కేకు తిన్నారు, అది తప్ప. "ఏమ్మా, షుగరా?" అని అడిగింది సైన్సు టీచరు. షుగరూ లేదు, ఉపవాసమూ లేదు. ఆ కేకు దాని గొంతు దిగదు, అంతే. ఎందుకు దిగదో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. నా పేరు వాసంతి. ఆ బళ్ళోనే తెలుగు చెప్తాను. పుట్టింది తణుకు, ఉండేది కేపీహెచ్‌బీ. నోరు కాస్త ఎక్కువని మా ఆయన అంటారు. తెలుగు టీచరుకి నోరు కాక ఇంకేం ఉంటుందండీ.

మా బడి తెల్లాపూర్‌లో ఉంది. నాలుగువైపులా గేటెడ్ కమ్యూనిటీలు, మధ్యలో మేం. బడి గేటు కూడా వాటికి దీటుగానే కట్టారు. లోపలికి వచ్చేటప్పుడు వేలిముద్ర, బయటికి పోయేటప్పుడు వేలిముద్ర. జాస్మిన్ లెక్కల టీచరు, సదాశివపేట పిల్ల. నానక్‌రామ్‌గూడలో ఆ అద్దాల టవర్ల వెనక మిగిలిపోయిన పాత ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకుంది. పొద్దున్నే షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తుంది. నన్ను అక్కా అంటుంది. నాకంటే చాలా చిన్నది కాబట్టి నేను దాన్ని అదీ ఇదీ అంటాను, ఏమీ అనుకోదు.

దాని పాఠం విచిత్రంగా ఉంటుంది. తప్పు చెప్పిన పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి, "నీ తప్పు మంచిగున్నది. ఎట్ల వచ్చిందో అందరికీ చెప్పు" అంటుంది. ఆ పిల్ల చెప్తూ చెప్తూ మధ్యలో తనే నాలుక కరుచుకుంటుంది. మా తెలుగు క్లాసులో పిల్లలు గోడ గడియారం చూస్తారు. దాని క్లాసులో గంట కొడితే విసుక్కుంటారు. నాకు కుళ్ళుగా ఉండదా అంటే, ఉంటుంది. కానీ అంతకంటే ముద్దుగా ఉంటుంది.

ఇక బీరువా సంగతి. ప్రైవేటు బళ్ళలో పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. మా బళ్ళో చేరేరోజు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుంటారు, పదో తరగతి మొదలు బీఎడ్ దాకా. మధ్యలో ఇంకో బడికి ఎగిరిపోకుండా ఇదొక సంకెల. మా అందరివీ ప్రిన్సిపాల్ గదిలో ఆకుపచ్చ ఇనప్పెట్టెలాంటి బీరువాలో ఉంటాయి. తాళంచెవి బాలా మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పూర్తి పేరు బాలాత్రిపురసుందరి, మా ప్రిన్సిపాల్. ఇలా ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. చట్టం తెల్లాపూర్ రావాలంటే ఏ బస్సెక్కాలో ఎవరికీ తెలియదు.

ఈ ఏడు దసరా సెలవుల తర్వాత జాస్మిన్‌కి సర్కారు గురుకులంలో పోస్టు వచ్చింది, సంగారెడ్డి దగ్గర. పరీక్ష రాసి సంపాదించుకున్న పోస్టు. డిసెంబర్‌లో సర్టిఫికెట్లు చూస్తారు. ఒరిజినల్స్ చేతిలో లేకపోతే పోస్టు వెనక ఉన్నవాళ్ళకి పోతుంది. అది మేడమ్ దగ్గరికి వెళ్ళి అడిగింది. "మధ్యలో వదిలేసిపోతే పిల్లల గతేంటమ్మా? ఏప్రిల్‌లో చూద్దాం" అందావిడ. ఏప్రిల్ దాకా ఆ పోస్టు దీనికోసం కాచుకుని కూర్చుంటుందా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. నాకు ఒళ్ళు మండిపోయింది. జాస్మిన్ మాత్రం ఆ వారమంతా టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చింది ఈ పోటీ. కొత్త పద్ధతిలో పాఠం చెప్పే టీచర్లకి ఎవరో ట్రస్టువాళ్ళు అవార్డు ఇస్తున్నారు. న్యాయనిర్ణేతలు స్వయంగా వచ్చి క్లాసులో కూర్చుని చూస్తారట. మేడమ్ తనే జాస్మిన్‌ని పిలిచింది. ఈసారి కూర్చోమని కుర్చీ కూడా చూపించిందట.

"నీ పేరు పంపుతున్నాను జాస్మిన్. పాల్గొను చాలు. గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన మర్నాడే నీ సర్టిఫికెట్లు నీ చేతిలో పెడతాను. నా మాట నమ్ము."

అది నమ్మింది. ఆ సాయంత్రం షేర్ ఆటో కోసం నిలబడి, "పోనీలే అక్కా, మేడమ్ మనసు మంచిదే" అని నాతో అంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను ఆవిడ మనసు. అయినా దాని ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సందర్భాలు అరుదు, గుర్తుపెట్టుకోండి.

వారం తర్వాత ట్రస్టు నుంచి మధుకర్ గారని ఒకాయన బడి చూడటానికి వచ్చారు. మర్యాదస్తుడు. స్టాఫ్‌రూమ్‌లో మాతోపాటే టీ తాగుతూ కబుర్లలో పడ్డారు.

"గెలిచిన టీచరు రెండేళ్ళు ఇదే బడిలో ఉండాలండి. చుట్టుపక్కల బళ్ళవాళ్ళు వచ్చి ఆవిడ పాఠం చూసి నేర్చుకోవాలి కదా. బడి ఆ పూచీ ఇస్తేనే మేం పేరు తీసుకుంటాం. మీ మేడమ్ అందరికంటే ముందే సంతకం పెట్టి పంపారు."

జాస్మిన్ టీ కప్పు బల్లమీద పెట్టేసింది. మధుకర్ గారు బిస్కట్ టీలో ముంచుకుంటున్నారు, పాపం ఆయనకేం తెలుసు.

ఆ సాయంత్రం అది ఆటో ఎక్కలేదు. రోడ్డు పక్కన ఎత్తుగా పోసిన కంకర కుప్ప దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడింది. "పాల్గొనకుంటె సర్టిఫికెట్లు లేవు. పాల్గొని గెలిస్తే రెండేండ్లు ఈడనే. అడకత్తెరలో పెట్టింది కదా అక్కా నన్ను. ఇగ ఒక్కటే దారి. పోటీల నిలబడాలె, ఓడిపోవాలె."

"ఓడిపోవడం నీ చేతనవుతుందే?" అన్నాను.

"మేడమ్ చెప్పింది చెప్పినట్టు చేస్త. అంతకంటె పక్కాగ ఓడిపోయే దారి ఉన్నదా?"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వాక దానికి కళ్ళనీళ్ళు వచ్చాయి.

మేడమ్ చెప్పింది ఏమిటంటే, కొత్తదేం కాదు. మా చిన్నప్పుడు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మా మాస్టారు నేర్పిన పాత చిట్కానే. టీచరు ప్రశ్న అడగ్గానే క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవాళ్ళకి అన్నీ చేతులే, ఎంత తెలివైన క్లాసో అనుకుంటారు. టీచరు మాత్రం కుడిచేతుల్నే లేపుతుంది. ఇన్‌స్పెక్టర్లు పోయినా ఆ చిట్కా పోలేదు. మేడమ్ రోజూ ఒక పీరియడ్ ఆరో తరగతిలో నిలబడి పిల్లల చేత చేతులు ఎత్తించి దింపించింది. వ్యాయామం పీరియడ్ అనుకున్నారు కొందరు.

పోటీ రోజు నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టి ఫోనులో వీడియో తియ్యమన్నారు. మధుకర్ గారూ, ఆయనతో ఒక పెద్దావిడా న్యాయనిర్ణేతలుగా వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. మేడమ్ గుమ్మంలో నిలబడింది, ఎవరైనా పారిపోతారేమో అన్నట్టు. పాఠం భిన్నాలతో భాగహారం. జాస్మిన్ ఇంగ్లీషులో అప్పజెప్పడం మొదలుపెట్టింది. నవ్వు లేదు, బోర్డు దగ్గరికి ఎవర్నీ పిలవడం లేదు. ప్రశ్న, చేతులు, కుడిచెయ్యి, జవాబు. ప్రశ్న, చేతులు, కుడిచెయ్యి, జవాబు. మధుకర్ గారు ఆవులింత ఆపుకున్నారు. పెద్దావిడ ఫోను తీసి చూసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓడిపోతున్నాం తల్లీ, ఇంకాస్త ఓపిక పట్టు, అనుకున్నాను.

"ఆరును అరతో భాగిస్తే ఎంత?"

గదంతా చేతులు. మూడో వరసలో హరిత అనే పిల్ల రెండు చేతులూ ఎత్తింది. అసలు క్లాసులో నోరు విప్పని పిల్ల. పెద్దావిడ ఫోను పక్కన పెట్టి, "ఏమ్మా, రెండు చేతులెందుకు?" అని తెలుగులో అడిగింది.

హరిత లేచి నిలబడింది. "తెలిస్తే కుడిచెయ్యి, తెలవకపోతే ఎడమచెయ్యి మేడమ్. నాకు సగమే తెలుసు."

ఎత్తిన ఎడమచేతులు ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. గుమ్మంలో బాలా మేడమ్ ఆ పిల్లని చూసిన చూపుమీద పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ముందు బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. హరిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేం కావాలి? దొంగతనం బయటపడింది, పోటీ పోయింది. జాస్మిన్ ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, సంగారెడ్డి వెళ్ళిపోవచ్చు.

ఊరుకోలేదు. నా కళ్ళముందే దాని ముఖం మారిపోయింది. చాక్‌పీస్ బల్లమీద పెట్టి హరిత దగ్గరికి వెళ్ళింది.

"ఏడవకు బిడ్డా. తెలవని సగం ఏంది, చెప్పు."

"జవాబు పన్నెండు అని తెలుసు టీచర్. భాగిస్తే తగ్గాలి కదా, ఎందుకు పెరిగిందో తెలవదు."

"మంచి ప్రశ్న. ఇంకెవరికి తెలవదు? ఎడమచేతులు దించిండ్రేంది, ఎత్తుండ్రి. ఇయ్యాల ఎడమచేతులోళ్ళే ముందు."

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. తర్వాత కుడిచెయ్యి ఎత్తినవాళ్ళు కూడా మార్చి ఎడమది ఎత్తారు, పెద్ద తెలివైనవాళ్ళతో సహా. జవాబు బట్టీ పట్టారు గానీ ఎందుకో ఎవరికీ తెలియదు. జాస్మిన్ హరిత టిఫిన్ డబ్బా తెప్పించి ఇడ్లీలు బల్లమీద పెట్టించింది. ఆరు లేవు, పక్కపిల్ల డబ్బాలోంచి తెచ్చి కలిపారు. "ఒక్కొక్కరికి సగం ఇడ్లీ. ఎందరికి పెట్టొచ్చు? పిలువు ఒక్కొక్కరిని." హరిత తుంచుతూ పిలిచింది. చివరి సగం చేతిలోకి వచ్చేసరికి బల్ల చుట్టూ పన్నెండు మంది నిలబడ్డారు. హరిత వాళ్ళ వంక చూసి నెమ్మదిగా అంది, "ఇడ్లీలు పెరగలేదు టీచర్. ముక్క చిన్నది, అందుకే మనుషులు ఎక్కువైన్రు."

పెద్దావిడ లేచి వచ్చి పిల్లల పక్కన నిలబడింది. ఒక పిల్ల తన సగం ఇడ్లీ ఆవిడ చేతిలో పెట్టేసింది. నేను వీడియో తీస్తూ లోపల్లోపల ఏడ్చాను. అంత గొప్ప పాఠం నా సర్వీసులో చూడలేదు. అంత ఘోరం కూడా చూడలేదు. తన చేత్తో తనే గొళ్ళెం వేసుకుంటోంది ఆ పిల్ల.

గెలిచింది. గెలవక ఏమవుతుంది? "తెలియదని చెప్పే ధైర్యాన్ని పిల్లలకిచ్చే ఎడమచెయ్యి పద్ధతి" అని మెచ్చుకుంటూ అవార్డు ఇచ్చారు. పిల్లలు చెప్పిందాన్ని వాళ్ళు అలా అర్థం చేసుకున్నారు. మేడమ్ క్షణంలో ఏ ఎండకా గొడుగు పట్టింది. "ఇది మా బడిలో మొదట్నుంచీ ఉన్న సంప్రదాయం" అని పేపరువాళ్ళకి చెప్పింది. ఆవిడ సిగ్గు ఏ బీరువాలో దాచిందో.

మర్నాడు జాస్మిన్ సర్టిఫికెట్లు అడగడానికి వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. "ఇవ్వనన్నానా?" అంది మేడమ్. "కానీ రెండేళ్ళ పూచీ ఇచ్చాను కదమ్మా. బడి పరువు నీ చేతుల్లో ఉంది. పైకి ఎదుగుతున్నావు, సంతోషించు." అంటూనే అవార్డు కప్పుని ఆ ఆకుపచ్చ బీరువా మీద పెట్టి, కొంచెం జరిపి, మళ్ళీ సరిగ్గా మధ్యలోకి జరిపింది.

బయటికొచ్చాక పట్టలేక అడిగాను. "ఒక్క నిమిషం ఊరుకోలేకపోయావా?"

"ఆ పిల్ల ఏడుస్తున్నదక్కా" అంది. డిసెంబర్ వెళ్ళిపోయింది. సంగారెడ్డి పోస్టు వెనక ఉన్నవాళ్ళకి వెళ్ళింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి సందర్శకులు వచ్చారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు, ఒక హాలు నిండా. జాస్మిన్ పాఠం చెప్పింది, పిల్లలు ఎడమచేతులు ఎత్తారు, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లల్ని క్లాసుకి పంపేశాక మేడమ్ మైకు తీసుకుంది.

"ఇది పిల్లలకే కాదు, పెద్దలకీ పనికొచ్చే పద్ధతి. ఇప్పుడు మీలో ఎవరికైనా తెలియనిది ఉంటే మొహమాటపడకుండా ఎడమచెయ్యి ఎత్తండి."

బోర్డు పక్కన నిలబడ్డ జాస్మిన్ ఎడమచెయ్యి ఎత్తింది.

మేడమ్ నవ్వింది. "చూశారా, మా టీచర్లకి కూడా ఎంత అలవాటైపోయిందో. అడుగు జాస్మిన్."

"నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తరో నాకు తెలవదు మేడమ్."

మామూలు గొంతుతోనే అడిగింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. వచ్చిన టీచర్లలో చాలామంది తలలు దించుకున్నారు. వాళ్ళ బళ్ళలోనూ ఇలాంటి బీరువాలు ఉండే ఉంటాయి. నా సర్టిఫికెట్లూ మేడమ్ బీరువాలోనే ఉన్నాయి, ఇరవై ఏళ్ళుగా. చెయ్యెత్తాను. ఎడమదే.

మేడమ్ మా ఇద్దరినీ చూసి గడియారం చూసుకుంది. "టైమైపోయింది, అందరూ టీ తీసుకోండి" అని మైకు ఆపేసింది. కుర్చీలు జరిగాయి. ఒక్కొక్కరే లేచి టీ వైపు వెళ్ళారు. మేమిద్దరం చేతులు దించలేదు. ఇంతలో బెల్లు కొట్టింది. ఆరో తరగతిలో హరితవాళ్ళు ఎదురుచూస్తుంటారు. జాస్మిన్ చెయ్యి దించి, చాక్‌పీస్ తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.