కోసేసిన దీర్ఘం

మార్కాపురంలో మొన్న ఒక రాజకీయ సినిమా చూశాను. ఎన్నికల వ్యూహాలు అమ్ముకునేవాడే అందులో కథానాయకుడు. అతను అబద్ధాన్ని నిజం చేసిన ప్రతిసారీ హాల్లో ఈలలు. నేను మాత్రం పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. అలాంటివాడు మా ఊరికీ వచ్చాడు.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. పోయిన ఎన్నికలప్పుడు వాడు కెమెరాతో వచ్చి, మా వీధిలో కూలికి పోయే ఒకామెను "ఆంటీ, నీళ్ల గురించి చెప్పండి" అన్నాడు. "మా ఊరికి నీళ్లొచ్చినాయా?" అని ఆమె వాణ్నే నిలదీసింది. వాడు ఆ చివరి దీర్ఘం కోసేశాడు. ఇక ప్రచార వ్యానులో, అందరి ఫోన్లలో ఆమె గొంతే: "మా ఊరికి నీళ్లొచ్చినాయ్!"

ఆదివారం చర్చి బయట ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. "ఏం వదినా, మీ ఇంట్లో కొళాయి తిప్పితే కృష్ణమ్మే దూకుతాందంట! మాకూ ఒక బిందె పోయ్."

"చీర పెట్టినారా, ఏంది?" అంది ఇంకొకామె.

ఆమె ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. "అన్నా, నన్ను అబద్ధాలకోరును చేసినారు. ఈ మాట నా మీద నుంచి తియ్యి."

వాడికి ఫోన్ చేశాను. "క్లిప్పు బాగా పోయింది సార్. ఆంటీ ఫేమస్!" అని నవ్వాడు.

ఎదుటివాడి బుద్ధిని మేల్కొలపాలని నాకు వాదించడం నేర్పిన పెద్దలు చెప్పారు. బుద్ధిని అమ్ముకున్నవాడిలో మేల్కొలిపేది ఏముంది? నాకు వాడి పరువు కావాలి. అదీ వాడికి డబ్బిచ్చి పెట్టుకున్న నాయకుడి కళ్లముందే పోవాలి.

చర్చి దగ్గర ఎగతాళి చేసిన ఆడవాళ్లనే కూర్చోబెట్టి, వాడు ఏం కోశాడో చెప్పాను. వాళ్లు ఖాళీ బిందెలతో ఆ నాయకుడి ఎన్నికల సభకు వచ్చారు. తెర మీద ఆమె ముఖం కనిపించింది. "మా ఊరికి నీళ్లొచ్చినాయ్" అనగానే మావాళ్లు బిందెలెత్తి "ఆ...?" అన్నారు. మైదానం గొల్లున నవ్వింది. నాయకుడు మైకు అందుకుని "రోడ్లేసినాం" అన్నాడు.

"ఆ...?"

"పింఛన్లు పెంచినాం!"

ఈసారి మైదానమంతా "ఆ...?"

మైకు ఆపడం మరిచి ఆయన వాడి మీద విరుచుకుపడ్డాడు. "ఏందిరా ఈ గోల? ఆ వీడియో ఎవడు పెట్టమన్నాడు నిన్ను?" ప్రతి మాటా అందరికీ వినబడింది. నా కడుపు నిండింది.

మర్నాడు వాడే ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఆంటీ, ప్లీజ్, నీళ్లొచ్చాయని కెమెరాకు ఇంకొక్కసారి చెప్పండి."

ఆమె నెత్తి మీది బిందె దించింది. "చెప్తా నాయనా. నీళ్లు తెచ్చినావా?"

ఆ చివరి దీర్ఘాన్ని వాడు వ్యానెక్కేదాకా సాగదీసింది.