వచ్చిన దిక్కునే మంద

మందను కొత్త ఊరికి తోలుకుపోతే వచ్చిన దిక్కునే దింపాలని మా నాయిన చెప్పేవాడు. ఊరి అవతల ఎంత పచ్చగా కనిపించినా ఆశపడొద్దు. రేపు ఆ ఊరివాళ్లతో మాటా మాటా పెరిగితే గొర్రెలను ఊరి నడుమ నుంచి వెనక్కి తోలుకురావాలి. అప్పుడు ఎవడు కర్ర పట్టుకొని అడ్డం నిలబడతాడో తెలియదు. తిరిగిపోయే తొవ్వ మన వెనకే ఉండాలి. నేను బడి మొహం చూసినవాణ్ని కాదు. అక్షరాలు నేర్చుకున్నది మైలురాళ్ల మీద, బస్సుల బోర్డుల మీద. వాటికన్నా ముందు నేర్చిన చదువు ఇది.

ఈ చదువుతోనే పట్నంలో నా భార్య కన్ను పోగొట్టబోయాను.

ఆమె ఎడమ కన్ను చిన్ననాడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. మిగిలిన కుడి కన్నుకు, మేకలకు మండలు కొడుతుంటే తుమ్మముల్లు తగిలింది. పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలింది. ఏడాది తిరిగేసరికి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా పోయింది. హైదరాబాదు పడమటి కొసన ఉన్న ఒక పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయాను. చనిపోయినవాళ్లు దానం చేసిన కంటి పొర తెచ్చి కుడితే చూపు వస్తుందన్నది డాక్టరమ్మ.

"ఎప్పుడొస్తదో మేం చెప్పలేం పెద్దయ్యా. వచ్చిందంటే ఫోన్ చేస్తం. మూడు గంటల్ల ఈడుండాలె. లేకుంటే లిస్టుల తర్వాతోళ్లకు పోతది. ఊరికి పోకుండ్రి, దగ్గర్ల రూము చూసుకోండ్రి."

ఆమెను దవాఖాన బెంచీ మీద కూర్చోబెట్టి వెనక గల్లీలోకి వెళ్లాను. కిరాయికి గది ఉందన్న బోర్డు ఒకటి కనిపించింది. గేటు బయట నిలబడి పిలిస్తే యజమాని వచ్చాడు.

"ఏ ఊరు పెద్దాయనా?"

"రామన్నపేట అవతల."

"అరె, మన దిక్కే! మాది మోత్కూరు. రూము కిందనే, మెట్ల బాధ గూడ లేదు. ఎన్ని దినాలుంటరు?"

"దవాఖానోళ్లు ఫోన్ చేసేదాంక. నెలో, రెండు నెలలో."

"ఉండుండ్రి, ఏం ఫికర్ లేదు." లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు. గేటు దాకా వచ్చి ఆగాడు. "మరి మీరేంటోళ్లు?"

రాష్ట్రం వచ్చి అప్పటికి ఐదేళ్లు దాటింది. దానికోసం గొంగడి భుజాన వేసుకొని ఎన్ని సభలకు నడిచానో నా కాళ్లకు తెలుసు. మన మాటను ఎక్కిరించే రోజులు పోయాయని, పట్నం మనదైందని ఊరంతా తిరిగి చెప్పినవాణ్ని. ఇతను ఆ మాటలోనే అడిగాడు. ఇంకో యాసలో అడిగి ఉంటే అంత మండేది కాదేమో. తాళంచెవి అతని చేతిలో ఉంది, నా కులం నా నోట్లో ఉంది. ముందు నేను ఇవ్వాలి, తర్వాత అతను ఇస్తాడు.

నిజం చెప్పాలంటే అతను కాదనలేదు. అడిగాడంతే. గొల్లోళ్లమని చెబితే తాళంచెవి ఇచ్చేవాడో, జేబులో వేసుకునేవాడో ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను నిలబడలేదు. మారు మాట లేకుండా వెనక్కి తిరిగాను.

"రూముల్లేవంట," అని ఆమెకు చెప్పాను. "ఎల్బీనగర్ దిక్కు పోదాం. మన బస్సులు దిగే జాగ. మనోళ్లుంటరు."

"ఆడికి ఈడికి ఎంత దూరం?"

"ఎంతనే? పట్నమే గద."

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఈనబోయే గొర్రెను మంద అవతలి కొసకు కడ్తవా, మంచం పక్కకు కడ్తవా?" అన్నది.

"నువ్వు గొర్రెవా?"

"గొర్రె నయం. దానికి కండ్లున్నయ్."

ఎల్బీనగర్‌లో గది దొరికింది. హైదరాబాదును చూస్తే అందరికీ మా నాయినే చదువు చెప్పాడనిపిస్తుంది. మా నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లు దాటరు. పాలమూరు వాళ్లు ఆరాంఘర్ దగ్గర ఆగుతారు. వరంగల్ వాళ్లు ఉప్పల్‌లో దిగుతారు. బస్సు ఎక్కడ దింపితే అక్కడే వేరు పట్టారు. ఇక్కడ నన్నెవరూ మీరేంటోళ్లని అడగలేదు. మంచివాళ్లని మురిసిపోయాను. అడిగే అవసరం లేకపోయిందని తర్వాత అర్థమైంది. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పగానే మిగతాది వాళ్లకు తెలిసిపోయింది.

పద్దెనిమిది రోజులు గడిచాయి. ఆమె పూటపూటకూ ఫోను తడిమి, "ఛార్జింగ్ ఉందా?" అని అడిగేది. ఉందని చెప్పినా నమ్మకుండా మళ్లీ తడిమేది. పంతొమ్మిదో రోజు పొద్దున తొమ్మిది గంటలకు మోగింది. "కన్నొచ్చింది తాతా. పన్నెండింటి లోపల ఉండుండ్రి," అన్నది దవాఖాన అమ్మాయి.

మెట్రోలో పోదామన్నది ఆమె. ఆ రైలు పడమటి కొస దాకా పోతుందని పక్కింటి ఆడవాళ్లు చెప్పారట. "గా కదిలే మెట్లు నువ్వెక్కలేవు," అన్నాను. నిజానికి భయం నాది. గొర్రెల లారీ వెంట జియాగూడ మండికి వచ్చిన రోజుల నుంచీ నాకు సిటీ బస్సే తెలుసు, నంబర్లన్నీ నోటికొచ్చు. చెయ్యి పట్టుకొని బస్సు ఎక్కించాను.

వాన మొదలైంది. మలక్‌పేట దాటకముందే రోడ్డు మీద మోకాలెత్తు నీళ్లు నిలిచాయి. బస్సు ఆగింది. కదిలింది. మళ్లీ ఆగింది.

"ఏడున్నం?"

"మలక్‌పేట."

కొంతసేపటికి మళ్లీ, "ఏడున్నం?"

"మలక్‌పేటనే."

"ఇందాక గూడ మలక్‌పేటే అంటివి. ఇదేం మలక్‌పేట, నడుస్తాందా మనతోని?"

ముందు సీటులోని ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా మణికట్టు పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. పదకొండు అవుతోంది. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల మా మాటలు విని, "అవ్వా, దిగుండ్రి. గీ ఎదురుగనే మెట్రో. లిఫ్టుంటది, మెట్లెక్కుడు లేదు," అన్నది. నీళ్లలో దింపి, స్టేషన్ లోపలి దాకా నడిపించి మరీ వెళ్లింది. అమీర్‌పేటలో రైలు మారడానికి దారి తప్పాను. బోర్డులు చదవగలనన్న గర్వం అక్కడ ఏమీ పనిచేయలేదు. జనం తోసుకుంటుంటే ఆమె, "నన్నొదలకు, నన్నొదలకు," అంటూనే ఉంది.

దవాఖాన చేరేసరికి పన్నెండున్నర దాటింది.

"పన్నెండుంపావు దాంక ఆగినం అవ్వా," అన్నది ఫోన్ చేసిన అమ్మాయి. "మూడు సార్లు ఫోన్ గూడ చేసినం. ఎత్తకపోతిరి. తర్వాతాయనకు చెప్పినం. ఆయన లోపల ఉన్నడు ఇప్పుడు." ఆ జనం చప్పుడులో జేబులోని ఫోను నాకు వినిపించనేలేదు.

"ఆయన ఏడికెల్లి వచ్చిండు బిడ్డా?" అని ఆమె అడిగింది.

"పాలమూరు దిక్కు. ఎనక గల్లీల రూము తీసుకున్నరు. నడిచొచ్చిండు."

మళ్లీ వస్తుందట. ఎప్పుడో చెప్పలేరట. బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ముఖం తలుపు వైపే ఉంది.

"ఎనక గల్లీల రూములున్నయంట గద," అన్నది.

అప్పుడు చెప్పాను. గేటు, తాళంచెవి, అతను అడిగిన మాట, నేను తిరిగొచ్చిన తీరు. మొదట నా కోపమంతా చెప్పాను. చెప్పేకొద్దీ అది నా నోట్లోనే చిన్నదైపోయింది.

"వాడు అడిగింది నిన్ను," అన్నది చివరికి. "కన్ను నాది."

నా భుజం పట్టుకొని లేచింది.

"నడువు. ఈసారి నేనొస్త. నేనే చెప్త."

మొదట ఆ గేటు దగ్గరికే వెళ్లాం. "ఆ దినం చెప్పకుండనే పోతివి గద పెద్దాయనా. ఇచ్చేసిన రూము," అన్నాడతను, మామూలుగానే. ఆమె విన్నది. పక్క ఇంటి తలుపు తీయగానే, ఎవరూ ఏమీ అడగకముందే మొదలుపెట్టింది. "మేం గొల్లోళ్లం. ఐతారమైతే మాంసం కూర వండుకుంటం. కన్ను కోసం వచ్చినం. ఇస్తే ఇయ్యి, లేకుంటే తలుపేసుకో. వానల నిలబెట్టకు."

రెండు తలుపులు మూసుకున్నాయి. ఒకటి మెల్లగా, ఒకటి చప్పుడుతో. నాకు మళ్లీ మండింది. కర్రతో ఆ తలుపును బాదాలనిపించింది. ఆమె నా చెయ్యి వదలలేదు. "ఇంకోటి చూపియ్," అన్నది.

మూడో ఇంట్లో చాటలో బియ్యం ఏరుతున్న ఒకావిడ తల ఎత్తి అంతా విన్నది. "పైన రూము. పదహారు మెట్లుంటయ్. ఎక్కుతవా అవ్వా?" అని అడిగింది. అంతే అడిగింది.

రెండోసారి ఫోన్ నెల తిరగకముందే వచ్చింది. అన్నం ముందు కూర్చొని ఉన్నాం. చెయ్యి కడుక్కొని నడిచి వెళ్లాం.

కట్టు విప్పిన కొన్ని వారాలకు ఆమెకు మనుషులూ గోడలూ మసకమసకగా తెలియసాగాయి. ఒకరోజు దవాఖాన నుంచి వస్తూ గల్లీ మొదట్లో ఆగి, "ఏదా ఇల్లు?" అని అడిగింది. చూపించాను. దగ్గరికి పోయి గేటు పై కడ్డీ మీద చెయ్యి పెట్టింది. అది ఆమె నడుము దాకా కూడా రాలేదు. కంటిని చికిలించి చాలాసేపు చూసింది.

"గింతనేనా?" అన్నది.