చెరువు గట్టు మీది సీమచింత

సూరత్ వెళ్లాలన్న ఆలోచన నాది కాదు, అక్కడుండే మా చిన్నమ్మది. "చెట్టు కొట్టేస్తరట బిడ్డా. అంతల్నే ఒక్కపారి ఆ చెరువు కాడికి తోల్కపోదువు రా. మా పోరగాండ్లకు మిల్లు డ్యూటీలే సరిపోతున్నయి" అని ఫోన్ చేసింది. బడికి సెలవు పెట్టి, గురువారం రాత్రి వరంగల్లులో నవజీవన్ ఎక్కాను.

ఎదురు బెర్తులో సూరత్ పాండేసరలోని రంగుల మిల్లులో పనిచేసే సిరిసిల్ల ఆయన ఉన్నాడు. చెరువు చూడటానికి పోతున్నానంటే నవ్వాడు. "సూరత్‌కు అందరు చీరలకు పోతరు మేడం. చెరువుకేంది?"

మర్నాడు మధ్యాహ్నం దాటాక దిగి, ఆటోలో డిండోలి చేరాను. చిన్నమ్మ ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకున్నాను. శనివారం ఎండ ముదరకముందే ఇద్దరం బయల్దేరాం. ఉధ్నాలో బస్సు మారాలి. అది వచ్చేలోపు బండి దగ్గర వేడివేడి లోచో తిన్నాం. శనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, సన్న కారప్పూస వేసి ఇస్తారు. తినకుండా రావద్దు.

బస్సులో చిన్నమ్మ చెప్పుకుంటూ వచ్చింది. కొత్తగా మగ్గాల పనికి వచ్చినప్పుడు ఆ చెరువు గట్టునే గుడిసె వేసుకున్నారట. కడుపుతో ఉండి ఆమె సీమచింతకాయలు అడిగితే, బాబాయి ఊరి నుంచి మోసుకొచ్చాడు. తిని ఊసిన గింజల్లో ఒకటి మొలిచింది. ఆయన దాని చుట్టూ ముళ్లకంప కట్టి కాపాడాడు. తర్వాత గుడిసెలు పోయాయి. చెరువులోకి మురుగు చేరి గుర్రపుడెక్క కమ్మేసింది. బాబాయీ పోయాడు. చెట్టు మిగిలింది.

ఇప్పుడు ఆ చెరువును గుర్తుపట్టలేకపోయింది చిన్నమ్మ. గుర్రపుడెక్క తీసేశారు, సర్కారు తుమ్మ నరికేశారు, తుంగ మళ్లీ మొలిచింది. నీళ్ల మీద బాతులు, ఒడ్డున పొడుగుకాళ్ల పిట్టలు. "అప్పుడు కాకులు తప్ప ఏం లేకుండె" అంది.

చెరువు బాగుచేసే పనులు చూసే కింజల్ అనే అమ్మాయి మమ్మల్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. మొదలు మీద ఎర్రరంగు గుర్తు. కొమ్మల నిండా మెలికలు తిరిగిన కాయలు.

"ఈ ఒక్కటి ఉంచుతరా? ఏటేటా వచ్చి కాయలన్ని తెంపుకపోత. గింజ కింద పడనియ్య" అని చిన్నమ్మ హిందీలో బతిమాలింది.

కింజల్ తల వంచుకుంది. "మాసీ, ఇది ఈ నేలది కాదు. పిట్టలు దీని గింజల్ని గట్టంతా వేస్తున్నాయి. మేం నాటిన నేరేడు, కానుగ లేవడం లేదు. అందరం కలిసి అనుకున్నాం, నేనొక్కదాన్నే మార్చలేను." కావాలంటే ఆ చోట బాబాయి పేరుతో నేరేడు మొక్క పెట్టమంది.

"వద్దు బిడ్డా. అది ఆయన పెంచింది కాదు" అంది చిన్నమ్మ.

బడిలో పిల్లలకు నేను చెప్పే పాఠం కూడా కింజల్ చెప్పిందే.

చిన్నమ్మ చెట్టు కింద కూర్చుని అందిన కాయలు తిన్నది. నాకు నాలుగు పెట్టింది. తీపి, వెనకే వగరు. లేచేముందు కింద రాలిన నల్లగింజల్ని ఒక్కొక్కటే ఏరి కొంగున కట్టుకుంది. "ఆ పోరి పనికి అడ్డమెందుకు" అంది.

ఆదివారం తిరుగు రైలెక్కాను. స్టేషన్‌కు ఆమె రాలేదు. నందుర్బార్ దాటాక చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఉదయం కొట్టేశారట. అమ్మకు ఇంకా చెప్పలేదట.

ఆ చెరువు చూడదగ్గది. అక్కడ జరిగింది మంచిపనేనని ఇప్పటికీ అంటాను. అంటున్నప్పుడల్లా మనసు ఎక్కడో పట్టేస్తుంది. వెళ్లేవాళ్లు చలికాలం పోకముందే వెళ్లండి. తూర్పు గట్టు మీద నుంచి పిట్టలు బాగా కనిపిస్తాయి. గొడుగు తీసుకెళ్లండి, అక్కడ నీడ లేదు.