చివరి గుండీ

మా అక్క మొండిది. ఈ మాట ఆమె ఎదురుగానే అంటాను. ఆమె "నీకంటేనా?" అంటుంది. మాకు రోజూ తెల్లవారేది అలాగే. ఒకే ఇంట్లో ఉంటాం. ముందు గది ఆమె కుట్టు షాపు, వెనక రెండు గదుల్లో మా ఇద్దరి సంసారం. నేను బడి ఆఫీసులో గుమాస్తాను. ఆమె ముప్పై ఏళ్లుగా చొక్కాలు, కోట్లు కుడుతోంది. నాకు ఓపిక తక్కువని చిన్నప్పుడే తొందరమ్మ అని పేరు పెట్టింది. ఇప్పుడు వీధి వీధంతా అదే పేరుతో పిలుస్తారు. నా ఖర్మ.

పదకొండేళ్ల కిందట అక్కకి కీళ్లవాతం వచ్చింది. పొద్దున లేచేసరికి వేళ్లూ మోకాళ్లూ బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్ల కాపడం, మాత్రలు, తిట్లు, ఈ మూడూ అయితే గాని మంచం దిగదు. మాత్రలు ఆమెకి, తిట్లు నాకు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదనీ, మందులు మానకూడదనీ, రోజూ నొప్పి ఓర్చుకోగలిగినంత దూరం నడవాలనీ డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది.

మందులు వేసుకుంది. నడక దగ్గరే వచ్చింది పేచీ.

"పనీపాటా లేనిదాన్లా వీధిలో తిరగమంటావా? చూసినవాళ్లు ఏమనుకుంటారే?"

"నడుస్తోంది అనుకుంటారు. ఇంకేమనుకుంటారు?"

మెత్తటి బూట్లు కొనిచ్చాను. అడుగులు లెక్కపెట్టే గడియారం తెచ్చి చేతికి కట్టాను. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు బూట్లు మంచం కిందికి, గడియారం దారాల డబ్బాలోకి పోయాయి. నేను అరిచాను, బతిమాలాను, ఒక పూట అన్నం మానేశాను. "మానేస్తే నీకే ఆకలి" అని నా కంచంలోది కూడా ఆమే తినేసింది.

ఆమెని నడిపించింది నేను కాదు, ఒక మతిమరుపు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన మా వీధి చివర, గ్రంథాలయం దాటాక ఉంటారు. ఒకసారి ఆయన చొక్కాకి చివరి గుండీ కుట్టకుండానే మడతపెట్టి పంపేసింది. ముప్పై ఏళ్లలో అలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు. తెలిసిన వెంటనే సూది జాకెట్టు అంచుకి గుచ్చుకుని, కర్ర పట్టుకుని, ఆ దూరమంతా నడిచి వెళ్లి కుట్టి వచ్చింది. మాస్టారు కుర్చీ వేసి కాఫీ ఇచ్చారట. గంటసేపు కబుర్లట. మర్నాడు పొద్దున, "ఏమోనే, ఇవాళ మోకాలు కాస్త తేలిగ్గా ఉంది" అంది.

అంతే, అప్పటినుంచి ఏ బట్టకీ చివరి గుండీ షాపులో కుట్టదు. రోజుకి ఒక్క బట్ట చంకన పెట్టుకుని, వాళ్లింటికి నడిచి వెళ్లి, తొడిగించి చూసి, అక్కడే కుడుతుంది. "ఒంటి మీద చూస్తే గాని చివరి గుండీ ఎక్కడ పడాలో తెలీదండీ" అని అందరికీ చెబుతుంది. పచ్చి అబద్ధం! ఎదురుగా కాజా కుట్టేసి ఉంటే గుండీ ఎక్కడ పడాలో చంటిపిల్లకైనా తెలుస్తుంది. కానీ ఎవరూ నోరెత్తలేదు. ఆసుపత్రి నర్సమ్మ వంటింట్లో స్టూలు వేసేది. బేకరీ ఆయన పొయ్యి పక్కన వెచ్చగా కూర్చోబెట్టేవాడు. అలా నాలుగేళ్లు, ఎండైనా చినుకైనా, అక్క నడిచింది. నొప్పి ఎక్కువైన రోజున దగ్గరి ఇల్లు, తక్కువగా ఉన్న రోజున దూరపు ఇల్లు.

కిందటేడు వానల్లో జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టింది. వేళ్లు వాచి సూది పట్టుకోలేకపోయింది. మంచం మీదే ఉంది. షాపులో కొక్కేలకి తొమ్మిది బట్టలు వేలాడుతున్నాయి, తొమ్మిదింటికీ చివరి గుండీ లేదు. నాకు ఊరుకుంటే ఎలా తోస్తుంది? ఆదివారం పొద్దున్నే కూర్చుని తొమ్మిది గుండీలూ కుట్టిపారేసి, సంచీలో వేసుకుని, మధ్యాహ్నానికల్లా అందరిళ్లలో ఇచ్చేసి వచ్చాను. వచ్చి, ఘనకార్యం చేసినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

అక్క ఖాళీ కొక్కేల వైపు చూసింది.

"అన్నీ ఇచ్చేశావా?"

"ఒక్కటి మిగల్లేదు."

"సరే" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

రెండు వారాలకి వాపు తగ్గింది. అక్క మాత్రం గుమ్మం దాటలేదు. "ఎవరింటికి వెళ్లనే? నా కోసం ఎదురుచూసే గుండీ ఒక్కటైనా ఉందా?" అంది. కొత్త పని తీసుకోమంటే వేళ్లు ఇంకా సాగలేదంది. ఊరికే నడవమంటే మళ్లీ ఆ పాత పాటే. అప్పుడు తెలిసింది నేను చేసిన నిర్వాకం. ఆమెకి మందు ఇచ్చే చేత్తోనే ఆమె నడక లాగేసుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, మోకాలు వంచి చూసి ముఖం చిట్లించింది. "వాపు తగ్గింది కదా, ఇంకా ఎందుకు కూర్చున్నారు? ఇలాగే ఉంటే ఈ మోకాలు బిగుసుకుపోతుంది. మీరిక మిషను తొక్కలేరు" అంది. ఇంటికొచ్చి అక్క మిషను మీద గుడ్డ కప్పేసింది.

మూడో రోజు మాస్టారు ఫోన్ చేశారు.

"తొందరమ్మా, నువ్వు కుట్టిన గుండీ ఊడి పప్పులో పడిందమ్మా."

"అయ్యో! ఇప్పుడే వచ్చి కుడతాను మాస్టారూ."

"నువ్వొద్దు తల్లీ, మళ్లీ పప్పులోనే పడుతుంది. మీ అక్కయ్యని రమ్మను. తొందరేం లేదు, దారిలో కూర్చుంటూ లేస్తూ రమ్మను."

ఆ మాట చెప్పగానే అక్క లేచి కూర్చుంది. "నా షాపు బట్టకి గుండీ ఊడటమా! ఎంత తలవంపులే!" అంటూ సూది వెతుక్కుంది. నేను వెంట వెళ్లబోతే కర్ర చూపించి ఆపింది. పాలబూత్ అరుగు మీద ఒకసారి, గ్రంథాలయం మెట్ల మీద ఒకసారి కూర్చుందట. వెళ్లి రావడానికి రెండు గంటలు పట్టింది. ముఖం చెమటతో తడిసిపోయింది. కానీ మిషను మీద గుడ్డ తనే తీసింది.

రెండు రోజులాగి నర్సమ్మ కబురు పెట్టింది, గుండీ ఊడిందని. తర్వాత బేకరీ ఆయన. తర్వాత ఇంకొకరు. నేను కుట్టిన తొమ్మిదీ వరసగా ఊడాయి! నా పరువు గంగలో కలిసింది. బ్రెడ్డు కోసం వెళ్తే బేకరీ ఆయన, "మీ గుండీలు మా కేకు మీది చెర్రీల్లాంటివండీ, వేలు తగిలితే చాలు" అన్నాడు. ఇంట్లో అక్క సరేసరి. "తొందరమ్మ కుట్టు" అని ఒక మాటే పుట్టించింది. ఏది విరిగినా, ఏది కారినా తొందరమ్మ కుట్టే. ఉడుక్కున్నాను, గిన్నెలు ఎత్తిపడేశాను. కానీ అక్క నడుస్తోంది. తొమ్మిది గుండీలూ అయ్యేసరికి వేళ్లు సాగాయి, కొత్త చొక్కాలు కొక్కేలెక్కాయి, వాటికి మళ్లీ చివరి గుండీ లేదు. డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, ఈసారి నవ్వింది.

మొన్న దారాల డబ్బా సర్దుతుంటే చిన్న కాగితం పొట్లం కనిపించింది. విప్పితే తెల్లటి దారం ముక్కలు.

"ఇవేంటక్కా?"

"నీ కుట్లే. గుండీలు మళ్లీ కుట్టినప్పుడు గుడ్డలోంచి లాగినవి." దగ్గరికొచ్చి ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇది మాస్టారిది. కొస చూడు, పీచుపీచుగా ఉంది. ఇది నిజంగా తెగింది." తక్కినవి కాగితం మీద పరిచింది. "ఈ ఎనిమిదీ చూడు. కొసలు ఎంత నున్నగా ఉన్నాయో. కత్తెరతో కోసినవి."

నేను కాగితం మీదికి వంగి చూశాను. "అంటే... వాళ్లే కోసుకున్నారా?"

"మాస్టారింటికి నేను వెళ్లొచ్చాక ఆయనే చెప్పి ఉంటారు. నర్సమ్మ చొక్కా చూడగానే నాకు అర్థమైంది. నీ కుట్టు అంత చెడ్డదేం కాదే. గట్టిగానే కుట్టావు."

"తెలిసీ ఇన్నాళ్లు నన్ను ఊరందరి చేతా ఎగతాళి చేయించావా? నీకు మనసెలా వచ్చిందక్కా!"

"నీకు చెబితే నువ్వు ఊరుకుంటావా? ఆ సాయంత్రమే అందరిళ్లకీ వెళ్లి కడిగేస్తావు. నాకు తెలిసిపోయిందని తెలిస్తే వాళ్లు మానేస్తారు." కాగితం మడతపెడుతూ గొంతు తగ్గించింది. "వాళ్లు మానేస్తే నేనూ కూర్చుండిపోతానేమోనని భయమేసిందే. ఎనిమిది మంది నా కోసం సొంత బట్టలు పాడుచేసుకున్నారు. వాళ్లకి ఎలా దణ్ణం పెట్టాలో తెలీక నడుస్తున్నాను."

తిడదామని నోరు తెరిచిన నేను ఏడ్చేశాను. ఇంతమందిని మాకిచ్చిన ఈ వీధికి ఏమిచ్చి రుణం తీర్చుకుంటాం?

ఇవాళ ఆదివారం. సన్నగా తుంపర. అక్క మోకాలు పట్టేసింది, కొక్కేల మీద ఇవ్వాల్సిన బట్ట ఒక్కటీ లేదు. "ఇవాళ్టికి వదిలెయ్యవే" అంది. నేను తలూపి లోపలికి వెళ్లాను. నా స్వెట్టర్‌ చివరి గుండీ కత్తెరతో కోసి, గొడుగు తీసుకుని గుమ్మం దిగాను.

"ఎక్కడికే?"

"పాలబూత్ అరుగు మీద కూర్చుంటాను. స్వెట్టర్ గుండీ ఊడింది. వచ్చి కుట్టు."

"ఇంట్లో ఉన్నదానివి ఇక్కడే కుట్టించుకోవచ్చుగా!"

"ఒంటి మీద చూస్తే గాని తెలీదన్నావుగా. నా ఒళ్లు అక్కడుంటుంది మరి."

బూత్ రేకు కింద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రాదేమో అనుకున్నాను. అంతలో మలుపులో ముందు కర్ర, తర్వాత గొడుగు, తర్వాత మా అక్క కనిపించాయి. జాకెట్టు అంచున సూది. వచ్చి నా పక్కన కూలబడి, ఊపిరి తీసుకుని, స్వెట్టర్ అంచు దగ్గరకి లాక్కుని దారం కొస చూసింది. నున్నగా ఉంది. నా వంక చూసింది.

"ఊడిపోయిందా?"

"ఊడిపోయింది."

"ఊడదూ మరి!" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "తొందరమ్మ కుట్టు."