నా పేరుకి నేనే వేసిన పూత

ఇప్పటికి పదకొండు అర్జీలు పెట్టుకున్నాను. ఏ సోమవారమైనా నేను కలెక్టరాఫీసు మెట్ల మీద కనబడకపోతే అక్కడి బంట్రోతు కంగారుపడి, మా ఊరివాళ్ళని నా ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు. అర్జీ తీసుకుంటారు. రసీదు ఇస్తారు. "పరిశీలిస్తాం" అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, జవాబు చెప్పలేదు. కూర్చోమని కుర్చీ కూడా చూపించలేదు.

అందుకని ఇక మీకే చెప్పుకుంటున్నాను. చదివి నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ మధ్యలో లేచి వెళ్ళిపోకండి. అలా వెళ్ళిపోయినవాళ్ళ పేర్లన్నీ నా దగ్గర రాసి ఉన్నాయి.

ఒక తాపీమేస్త్రీ తన ఇరవై రెండేళ్ళ పనితనాన్ని ఎవరి సాయమూ లేకుండా, ఒక్క మధ్యాహ్నంలో, తన చేత్తోనే పూడ్చిపెట్టుకున్నాడు. ఆ ఘనకార్యం చేసిన తవిటినాయుణ్ణి నేనే.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో గవర్నమెంటుకి ఉన్నట్టుండి మా చేతుల మీద శ్రద్ధ పుట్టింది. పెద్దవాళ్ళకి పని నేర్పాలి, నేర్చుకున్నవాళ్ళకి సర్టిఫికెట్ ఇవ్వాలి అన్నారు. మంచిదే అనుకున్నాను. ఎచ్చెర్ల అవతల మా ఊరికి ఇళ్ళ కాలనీ వచ్చింది. కొలతలు వేయడానికి వచ్చిన ఇంజనీరు దగ్గరికి తాపీ, రసమట్టం పట్టుకుని వెళ్ళాను.

"సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు.

"ఈ వీధిలో సగం ఇళ్ళు నేను కట్టినవే సార్."

"ఇళ్ళు కాదయ్యా, కాగితం."

మా ఊరి కాలనీలో మా ఊరి మేస్త్రీకి పని లేదు! ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వరాలు, "కాగితానికేటి, తెచ్చుకుందువు గానీ. ముందు ఆ మొకం కడుక్కో" అంది.

అరసవల్లిలో ఒక మేడ మీద శిక్షణ కేంద్రం పెట్టారని తెలిసి అక్కడికి వెళ్ళాను. ఆ మేడ చూడగానే నా గుండె పొంగింది. ఎందుకంటే దాన్ని కట్టింది నేనే. పెంకుటిళ్ళు, డాబాలు చాలా కట్టాను కానీ, మేడంటూ కట్టింది నా జన్మకి అదొక్కటే. కట్టడం అయ్యాక మెట్ల మలుపులో పచ్చి సిమెంటు మీద మేకుతో "మేస్త్రీ తవిటినాయుడు" అని రాసుకున్నాను. గట్టి పని చేసినచోట అలా పేరు గీసుకోవడం మా తాపీవాళ్ళలో కొందరికి అలవాటు. ఎక్కుతూ చూశాను, అక్షరాలు చెక్కు చెదరలేదు. నా దస్తూరీ వంకర కూడా అలాగే ఉంది.

పైన కౌంటరు దగ్గర ఒక అమ్మాయి కంప్యూటరులోంచి తల ఎత్తకుండా అడిగింది.

"ఏ ట్రేడు?"

"తాపీ పనమ్మా."

"పని వచ్చా?"

"వచ్చా ఏటమ్మా! ఇరవై రెండేళ్ళుగా సేస్తన్నాను. నువ్వు కూకున్న ఈ మేడ కూడా..."

"అయితే మీకు అర్హత లేదండీ. ఇది పని రానివాళ్ళకి. నెక్స్ట్!"

ఆ "నెక్స్ట్" ఇప్పటికీ నా చెవిలో ఉంది. పని వచ్చినవాడికి కాగితం లేదు, పని రానివాడికి ఉంది. ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుని ఎన్ని విధాల ఆలోచించినా నాకు అర్థం కాలేదు. మీకు అర్థమైతే ఉత్తరం రాయండి.

కింద ఆటోస్టాండులో మా బావమరిది సింహాచలం ఉన్నాడు. వాడు ఆటో తోలుతాడు, సలహాలు ఉచితంగా ఇస్తాడు.

"ఓ బావా, నీకు బుర్ర ఉన్నాదా? పని రాదని సెప్పు. సేరిపో. కాగితం తెచ్చుకో. అయిపోనాది!"

"పని వచ్చినోణ్ణి రాదని ఎలా సెప్తానురా?"

"నోటితోనే సెప్తావు. సేత్తో సెప్తావేటి?"

అప్పుడు అది బ్రహ్మాండంగా తోచింది. రెండ్రోజులాగి మళ్ళీ అదే కౌంటరుకి వెళ్ళాను. మొదటిసారి ఆ అమ్మాయి నా ముఖం చూడలేదు కనక రెండోసారి గుర్తుపట్టలేదు. నన్ను ఎవరూ పట్టించుకోకపోవడం నాకు కలిసొచ్చింది నా జీవితంలో అదొక్కసారే.

"నాకు తాపీ పని రాదు. ఇదివరకు ఎన్నడూ చేయలేదు" అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని, వేలిముద్ర మిషను ముందుకు తోసింది. బొటనవేలు పెట్టాను. మిషను ఎర్రదీపం వెలిగించింది. చూపుడువేలు పెట్టాను. మళ్ళీ ఎరుపే. పది వేళ్ళూ అయ్యాయి.

"ముద్రలన్నీ అరిగిపోయాయేంటండీ? సిమెంటు పని చేసేవాళ్ళకే ఇలా ఉంటాయి."

"ఇంట్లో అంట్లు నానే తోముతానమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఎంత గౌరవం! వేళ్ళ గొడవ వదిలేసి ఫొటో తీసి చేర్చుకుంది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే వరాలు, "సర్కారోళ్ళ ముందు సెప్పిన మాట కదా, తప్పకూడదు" అని ఆ పూట నుంచే అంట్లు నా ముందు పెట్టింది.

శిక్షణ ఇచ్చేవాడు సతీష్ సారు. డిప్లమా చదివిన విజయనగరం కుర్రాడు. మంచివాడు, మర్యాదస్తుడు, ఒక్క గోడా కట్టినవాడు కాదు. మొదటిరోజు తెరమీద బొమ్మ వేసి, "దీన్ని ఇటుక అంటారు" అన్నాడు.

నేను నోట్సులో రాసుకున్నాను.

అంతటితో ఊరుకోవచ్చు కదా! వేషం కట్టినవాడు అతి చేయకుండా ఉండలేడు. చెయ్యెత్తి, "సార్, దాన్ని ఏ వైపు పట్టుకోవాల?" అని అడిగాను. ఆయన ఎంత ఓపికగా చూపించాడో! తాపీ చేతికిస్తే పులుసు గరిటె పట్టినట్టు పట్టాను. సిమెంటు మాలు గోడమీదికి విసరమంటే నా చొక్కామీద వేసుకున్నాను. ఆయన దాన్ని ఫోనులో వీడియో తీశాడు.

"పర్వాలేదు బాబాయ్. ఈ వయసులో కొత్త పనంటే కష్టమే" అన్నాడు.

నాకప్పటికి నలభై రెండేళ్ళు. ఆ "ఈ వయసులో" అన్న మాట కూడా రాసి పెట్టుకున్నాను.

పదోరోజున మాతోపాటు నేర్చుకుంటున్న గౌరి మెట్ల మలుపులో ఆగిపోయింది. పొందూరు పిల్ల, మాలు మోసే పని నుంచి మేస్త్రీ పనికి ఎదగాలని వచ్చింది. చురుకైనది. అదే వచ్చింది చిక్కు.

"ఓలమ్మా! బాబాయ్, ఇక్కడ నీ పేరున్నాది సూడు!"

"మా వైపు ఊరికి నలుగురు తవిటినాయుళ్ళు ఉంటారు తల్లీ."

"మేస్త్రీ అని కూడా ఉన్నాది."

"ఆ నలుగురిలో ఒకడు మేస్త్రీ అయ్యుంటాడు. నడు, నడు."

నడిచింది కానీ, వెనక్కి తిరిగి రెండుసార్లు చూసింది. రాదని సంతకం పెట్టినవాడి పేరు గోడమీద మేస్త్రీ అని ఉంటే నా గతేం కాను? ఇంతలో దేవుడే పంపినట్టు సతీష్ సారు వచ్చి, పెద్దాఫీసర్లు చూడ్డానికి వస్తున్నారనీ, మెట్ల మలుపులో గోడ మరీ మాసిపోయిందనీ, ఎవరైనా పూత వేయడం అక్కడ సాధన చేయాలనీ అన్నాడు.

"నానేస్తాను సార్!" నా చెయ్యి నాకన్నా ముందు లేచింది.

అందరూ అన్నాలకి వెళ్ళారు. నేనూ, గోడా, నా పేరూ మిగిలాం.

ఇక్కడ కొంచెం ఆగండి. పాత పూత మీద కొత్తది నేరుగా వేస్తే నాలుగు నాళ్ళకి అప్పడంలా ఊడిపోతుంది. అందుకని ముందు ఉలితో గోడంతా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. అప్పుడు కొత్త మాలు ఆ గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. పని రానివాడైతే మాలు తెచ్చి అలాగే పులిమేసేవాడు. పులిమేసి ఉంటే కింద నా పేరు భద్రంగా ఉండేది. కానీ నా చెయ్యి ఒప్పుకోలేదు. "ఒరే, నువ్వు ట్రైనీవిరా, పులిమేసి పో" అని నాలో ఒకడు అంటూనే ఉన్నాడు. రెండోవాడు ఉలి, సుత్తి తీశాడు. అంగుళానికొక గాటు. మేస్త్రీ మీద, తవిటి మీద, నాయుడు మీద. తర్వాత నీళ్ళు చల్లి తడిపి, సిమెంటు పాలు కొట్టి, మాలు వేసి, బద్దతో లాగి, నున్నగా దిద్దాను. అద్దంలా వచ్చింది. చూసుకుని మురిసిపోయాను కూడా.

సతీష్ సారు వచ్చి నోరు తెరిచాడు. "బాబాయ్! ఇది మీరే చేశారా?"

"మీరు సెప్పినట్టే సేసేను సార్."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువుగారి ఆనందం అలాంటిది.

సరిగ్గా ఆరో రోజున, ఆయన ఒక సర్క్యులరు పట్టుకుని తరగతికి వచ్చాడు. విధానం మార్చారట. పని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మళ్ళీ నేర్పడం దండగని పైవాళ్ళకి తట్టిందట. ఇకమీదట పాత పనికి ఏదైనా రాతపూర్వకమైన రుజువు చూపిస్తే చాలు, ఒక్కరోజు పరీక్ష, అనుభవజ్ఞుడి సర్టిఫికెట్. కాలనీల్లో మేస్త్రీలుగా వాళ్ళనే తీసుకుంటారు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి వేరే సర్టిఫికెట్, దాంతో హెల్పరు పని.

నేను లేచి నిలబడ్డాను. "సార్, నాకు పని వచ్చు."

"తెలుసు బాబాయ్. బాగా నేర్చుకున్నారు."

"అది కాదు సార్. ముందు నుంచీ వచ్చు."

"రాదని సంతకం పెట్టారుగా?"

"రాదంటేనే గదేటి తీసుకున్నారు!"

"అంటే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"రెండుసార్లూ మీ రూలు పెకారమే సెప్పేను సార్!"

ఆయన తల పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. పాపం, ఆయన మంచివాడని చెప్పాను కదా, సర్క్యులరంతా మళ్ళీ చదివాడు. ఊళ్ళో ఇళ్ళవాళ్ళ నోటిమాట చెల్లదు. మేడ యజమానికి ఫోను చేస్తే, "కాంట్రాక్టరుకి ఇచ్చాను, మేస్త్రీ ఎవరో నాకేం తెలుసు?" అన్నాడు. కట్టడం మీద మేస్త్రీ పేరు రాసి ఉంటే మాత్రం, దాని ఫొటో చాలట.

గౌరి గభాలున నావైపు తిరిగింది. నోరు తెరవలేదు. ఆ పిల్ల మర్యాదని కూడా రాసి పెట్టుకున్నాను, మంచివాళ్ళ జాబితాలో.

మర్నాడే పరీక్ష. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఆయన్ని చేతులు పట్టుకుని మెట్ల మలుపులోకి లాక్కెళ్ళినంత పని చేశాను.

"ఇక్కడే ఉన్నాది సార్ నా పేరు! ఈ పూత కింద!"

"పూత ఎవరు వేశారు?"

"నానే సార్."

"మీ పేరు మీద మీరే వేశారా? ఎందుకు?"

ఉలి తీసి కొట్టడం మొదలుపెట్టాను. ఊడితేనా! జీవితంలో అంత గట్టి పూత వేయలేదు. అరగంట కొట్టాను. ఆఖరికి పెద్ద పెళ్ళ ఊడిపడింది, పాత సిమెంటుని కూడా పట్టుకుని. లోపల ఇటుక, చుట్టూ గాట్లు. నా పేరులో చివరి "డు" ఒక్కటే మిగిలింది. మన దేశంలో సగం మంది మగాళ్ళ పేర్లు దానితోనే ముగుస్తాయి.

పరీక్షాధికారి వంగి ఆ గాట్లని వేలితో తడిమాడు. ముఖం మారింది.

"ఇవి పెట్టిందెవరు? ఇది బాగా చెయ్యి తిరిగినవాడి పని."

నా ప్రాణం లేచొచ్చింది. "నానే సార్! నానే!"

"అవును సార్, మా ట్రైనీయే!" అన్నాడు సతీష్ సారు పొంగిపోతూ. "పదహారు రోజుల కిందట తాపీ పట్టుకోవడం కూడా రాదు. నమ్మరా? వీడియో ఉంది చూడండి."

చూపించాడు. అందులో నేను గరిటెలా తాపీ పట్టుకుని, చొక్కా మీద మాలు వేసుకుని, ఇకిలిస్తున్నాను. పరీక్షాధికారి సతీష్ సారుకి చెయ్యి కలిపి, "పదహారు రోజుల్లో ఇంత మార్పా! ఇది పైకి రాయాల్సిన సంగతి" అన్నాడు.

రాశారు. నాకు కొత్తగా నేర్చుకున్నవాడి సర్టిఫికెట్ ఇచ్చారు, బాగా నేర్చుకున్నాడని పొగిడి మరీ. మా ఊరి కాలనీలో మాలు కలిపే పనికి కుదిరాను. పైనుంచి పొరుగూరి మేస్త్రీ, "ఓ మావా, మాలు పలచనైపోనాది, సూసుకోవేటి!" అని అరిచేవాడు. వాడి గోడ వంకర నాకు కిందనుంచే కనబడేది. వాళ్ళు అన్నాలకి వెళ్ళినప్పుడు ఎక్కి సరిచేసేవాణ్ణి. దాంతో వాడికి మంచి పేరొచ్చింది.

ఇంకా అయిపోలేదు. ఆ మధ్య వరాలుతో అరసవల్లి వెళ్ళినప్పుడు ఆ మేడ ఎక్కాను. మెట్ల మలుపులో నేను పగలగొట్టిన చోట కనబడకుండా పెద్ద ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి తగిలించారు. తాపీ గరిటెలా పట్టుకున్న నా ఫొటో. కింద రాసి ఉంది: "ఏ పనీ రాని స్థితి నుంచి మా శిక్షణతో ఎదిగిన శ్రీ తవిటినాయుడు". నా పేరుని మొదట పూతతో కప్పింది నేను, తర్వాత ఉలితో చెరిపింది నేను, ఇప్పుడు దానికి అడ్డంగా నిలబడి పళ్ళికిలిస్తున్నదీ నేనే.

సూర్యనారాయణమూర్తి గుడి వైపు తిరిగి అక్కడే ప్రమాణం చేశాను. వచ్చిన పనిని రాదని ఇక ఏ కాగితం మీదా సంతకం పెట్టను. గోడమీద నా పేరు కప్పాల్సిన ఖర్మ మళ్ళీ పడితే, చచ్చినా గాట్లు పెట్టను. అంట్లు తోమడం గురించి కూడా ప్రమాణం చేద్దామనుకున్నాను కానీ వరాలు పక్కనే ఉంది.

ఇక మీరు చెప్పాలి, మీరంటే సర్క్యులర్లు రాసేవాళ్ళు. ఆ ఫొటో కింద రాత నిజమా, ఫొటో మోస్తున్న గోడ నిజమా? నేను పని వచ్చినవాణ్ణా, రానివాణ్ణా? దీన్ని పన్నెండో అర్జీ అనుకోండి. రసీదు వద్దు, ఇంట్లో పదకొండు ఉన్నాయి. జవాబు చెప్పండి. చెప్పేటప్పుడు తలెత్తి నా ముఖం చూసి చెప్పండి. ముందు ఒక కుర్చీ వేయండి.