రెండో నోటుబుక్కు

గురువారం, సాయంత్రం ఆరు. మా కుక్క మణి ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మణికి పిడుదుల జ్వరం. సారం పేటలోని పశువుల డాక్టరమ్మ మాత్రలు రాసింది. కోసపాళయం నాటువైద్యుడు ఒంటికి వేపనూనె, అన్నంలో వెల్లుల్లి ముద్ద చెప్పాడు. రెండూ వేళ తప్పకుండా ఇచ్చాను. మాత్రలు ఒక నోటుబుక్కులో, నాటుమందు ఇంకొకదాంట్లో రాశాను. తిడుతుందని డాక్టరమ్మకు మొదటిదే చూపించేదాన్ని.

పన్నెండు రోజుల తర్వాత, ఈ రోజు పరీక్షలో రక్తం ఇంకా తగ్గింది.

"మాత్రలన్నీ సరిగానే ఇచ్చుండారు అవ్వా. ఇంకేమన్నా పెడతా ఉండారా?" అంది డాక్టరమ్మ.

సంచిలోంచి రెండోది తీసి ఇచ్చాను.

"వేపనూనె పైన పూస్తే నేను వద్దంటానా? వెల్లుల్లి కుక్క రక్తాన్ని చెడపతాది అవ్వా. మొదటి రోజే చూపించుంటే ఆ ఒక్కటీ కొట్టేసుందును కదా."

"తిడతావనుకుంటిని."

"ఇప్పుడు తిట్టేదానికి కూడా టైము లేదు."

మార్కుల కార్డు దాచిందని మనవరాలిని ఒకప్పుడు గంటసేపు నిలబెట్టాను. ఈ రోజు నాతో ఆసుపత్రికి వచ్చి అంతా విన్న ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇది చదివే మీలో ఎవరి సంచిలో రెండో నోటుబుక్కు ఉందో చెప్పండి.

ఇక జరగవలసినవి:

1. ఏడు గంటలకు ఎదురింటివాళ్ల కుక్కను తీసుకువెళ్లి, దాని రక్తం మణికి ఎక్కించాలి.
2. నాటువైద్యుడికి మాత్రల సంగతి చెప్పాలి. ఆయన దగ్గరా దాచాను.
3. రెండు నోటుబుక్కులూ ఒకటిగా తిరగరాయాలి.
4. అందులో రేపటి తేదీ వేయడానికి మణి ఉండాలి.