నో ఫైన్

సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసిన పోశానికి తెలిసిన ఇంగ్లీషు మాటల్లో ‘ఫైన్’ ఒకటి. అక్కడ ఫైన్ అంటే సన్న నూలు. సాంచాలు ఆగిపోయి, భార్య సమ్మవ్వ చుట్టే బీడీల మీదే ఇల్లు నడవాల్సి వచ్చేసరికి జగిత్యాల ఏజెంటును పట్టుకుని దుబాయి వెళ్లాడు. అక్కడ గోడకు ప్లాస్టరింగ్ చేస్తే సూపర్‌వైజరు చేత్తో తడిమి చూసి ‘ఫైన్’ అనేవాడు. బాగుందని. ఆ మాట వింటే ఆ పూట పోశానికి ఒంటి అలసట తెలిసేది కాదు.

కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. వీసా గడువు దాటింది. అప్పటినుంచి పోలీసు బండి కనిపిస్తే సందుల్లో దూరుతూ, దొరికిన కూలికి పోతూ బతికాడు. కూతురు సృజన ఫోనులోనే పెద్దదైంది.

ఒకనాడు గదిలో తోడుండే కోరుట్ల కుర్రాడు సోహైల్ పరుగున వచ్చాడు.

“పోశన్నా, లే! కాగితాలు లేనోళ్లను మాఫీ చేసి ఇంటికి పంపుతున్నరట!”

ఎంబసీలో పాస్‌పోర్టుకు బదులిచ్చే ఔట్‌పాస్ తీసుకుని ఇద్దరూ ఇమిగ్రేషన్ ఆఫీసులో వరస కట్టారు. పోశం వంతు వచ్చింది. కిటికీ వెనక ఆఫీసరమ్మ కంప్యూటరు చూసి, తల అడ్డంగా ఊపి, “నో ఫైన్” అంది. చెయ్యి పక్కకు చూపింది.

పోశం వరసలోంచి తప్పుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి సోహైల్ వెతుక్కుంటూ వచ్చాడు.

“గిట్ల కూసున్నవేందన్నా?”

“నాది మంచిగ లేదట తమ్మీ. నో ఫైన్ అన్నది. పొమ్మని చెయ్యి సూపెట్టింది.”

“అరె, ఫైన్ అంటే జుర్మానా! జుర్మానా లేదు, పక్క కిటికీల ముద్ర ఏయించుకో అన్నది!”

పోశం దిగ్గున లేచాడు. ఇద్దరూ లోపలికి ఒకటే పరుగు. పక్క కిటికీ గుమాస్తా అప్పటికే తెర దించుతున్నాడు. పోశం ఔట్‌పాస్‌ను తెర కిందినుంచి లోపలికి తోసేశాడు. ఆ మనిషి విసుగ్గా చూశాడు, సోహైల్ అరబ్బీలో బతిమాలాడు. ముద్ర టక్కుమని పడింది! పోశం సోహైల్‌ను నడుం పట్టి ఎత్తి గిర్రున తిప్పాడు.

“సమ్మవ్వా, ఇంటికస్తున్న!” ఫోనులో అరిచాడు.

అవతల బీడీల చాట కింద పడ్డ చప్పుడు. ఆ వెంటే సృజన కేక.

సోహైల్ తల్లి ఖైరున్నీసాతో కలిసి సమ్మవ్వ, సృజన జీపులో శంషాబాద్ విమానాశ్రయం దాకా వచ్చారు. గాజు తలుపులోంచి వస్తున్న మనిషిని సృజన పోల్చుకోలేకపోయింది. సమ్మవ్వ మాత్రం అడ్డంగా కట్టిన తాడు కిందినుంచి దూరి ఉరికింది.

“గా గడ్డమేంది? గీక్కోనన్న రావద్దా?” అని తిడుతూనే అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.